హ్యాంక్ ఆరన్‌ను 755తోనే కొలవడం అన్యాయం

బేస్‌బాల్‌లో హోమ్ రన్ల (బంతిని కంచె దాటించే దెబ్బల) రారాజు ఎవరన్న తగవు 2007 ఆగస్టు 7 నుంచి తెగడం లేదు. ఆ రోజు బ్యారీ బాండ్స్ 756వ హోమ్ రన్ కొట్టి, 755తో ఆట ముగించిన హ్యాంక్ ఆరన్‌ను దాటాడు. చివరికి 762 దగ్గర ఆగాడు. నిషిద్ధ ఉత్ప్రేరకాల ఆరోపణల వల్ల ఆ రికార్డును ఒప్పుకోని అభిమానులు ఇప్పటికీ 755నే అసలైన అంకెగా చెబుతారు. ఆరన్ మీద ప్రేమతో చేసే ఈ వాదనే ఆయన స్థాయిని తగ్గిస్తోందని నా అభిప్రాయం.

ఆరన్ ఏ సీజన్‌లోనూ 50 హోమ్ రన్లు కొట్టలేదు. అత్యధికం 47. ఆయన గొప్పతనమంతా 1954 నుంచి 1976 దాకా సాగిన నిలకడలో ఉంది. మొత్తం హిట్లు, అంటే బంతిని కొట్టి కనీసం మొదటి బేస్‌కు (పరుగులోని నాలుగు మజిలీల్లో మొదటిదానికి) చేరిన సందర్భాలు, 3,771. అందులోంచి హోమ్ రన్లన్నీ తీసేసినా 3,016 మిగులుతాయి. మూడు వేల హిట్లే జీవితకాల ఘనత అనుకునే ఆటలో ఇది నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే లెక్క. ఒక్కో హిట్‌తో ఎన్ని బేస్‌లు చేరారన్న లెక్కన సింగిల్‌కు ఒకటి, డబుల్‌కు రెండు, ట్రిపుల్‌కు మూడు, హోమ్ రన్‌కు నాలుగు చొప్పున కలిపితే వచ్చే మొత్తం బేస్‌లలో ఆయనవి 6,856. రెండో స్థానంలో ఉన్న ఆల్బర్ట్ పుహోల్స్ 22 సీజన్లు ఆడినా 6,211 దాటలేదు. బాండ్స్ ఆరు వేలకే చేరలేదు.

మరి ఈ లెక్కలు ఎందుకు మరుగున పడ్డాయి? అమెరికా ఆయన వైపు కళ్లప్పగించి చూసింది అంతకుముందు హోమ్ రన్ల రికార్డున్న తెల్లజాతి ఆటగాడు బేబ్ రూత్ 714కు చేరువయ్యాకే. 1973 సీజన్ 713తో ముగిసింది. ఆ ఏడాది ఆయనకు సుమారు 9,30,000 ఉత్తరాలు వచ్చాయి. మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. నల్లవాడు రూత్‌ను దాటకూడదని బూతులు రాసినవారు, చంపుతామని బెదిరించినవారూ ఉన్నారు. అంగరక్షకుడి కాపలాలో ఆయన ఆట సాగింది. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో అల్ డౌనింగ్ వేసిన బంతిని కంచె దాటించి 715 పూర్తిచేసిన రాత్రి బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కూన్ స్టేడియంలో లేడు. దాన్ని నేను క్షమించలేను.

రూత్ ఆడిన కాలమంతా మేజర్ లీగ్‌లలో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీల్లో) నల్లజాతి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. ఆరన్ స్వయంగా 1952లో నీగ్రో లీగ్ (నల్లజాతి ఆటగాళ్ల లీగ్) జట్టు ఇండియానాపొలిస్ క్లౌన్స్‌తో ఆట మొదలుపెట్టినవాడు. రూత్ అంకెను పక్కన పెట్టి చూసినా ఆయన స్థానం చెక్కుచెదరదు. 1999లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆయన పేరిట నెలకొల్పిన అవార్డు సరిగ్గా ఆ దృష్టితోనే ఉంది: దాన్ని ప్రతి లీగ్‌లో ఏటా అత్యుత్తమ బ్యాటర్‌కు ఇస్తారు, హోమ్ రన్లు ఎక్కువ కొట్టినంత మాత్రాన అది దక్కదు.