కిరీటం తీసిన్రు సరే, చేతుల బతుకమ్మను ఎందుకు తీసిన్రు?

తెలంగాణ తల్లి విగ్రహం గురించి ఇంకెన్ని రోజులు మాట్లాడుతరు, అయిపోయింది గదా అనేటోళ్ళు ఈ పోస్టు చదవకున్నా ఏం కాదు. నేనైతే ఇంకా మాట్లాడుత. ఎందుకంటె దీన్ని రెండు పార్టీల లొల్లి అని మనం పక్కకు పెట్టేసినం గని అసలు ముచ్చట పార్టీల కంటె చాన పెద్దది. ఒక చీర, లేపిన ఒక చెయ్యి, బండి నంబరు ప్లేటు మీద రెండు అక్షరాలు, సిన్మాల పనిమనిషి మాట్లాడే యాస, ఇవన్ని మనం ఎవరమో మనకు చెప్తయి, పక్కోడు మనల్ని ఎట్ల చూడాల్నో వానికి కూడ చెప్తయి, ఒక్క మాట మాట్లాడకుంటనే చెప్తయి.

2024 డిసెంబర్ 9 నాడు సెక్రటేరియట్ల కొత్త విగ్రహం పెట్టిన్రు. ఉద్యమం నాటి తల్లికి కిరీటం, పట్టుచీర, వడ్డాణం, చేతుల బతుకమ్మ ఉండె. కొత్త తల్లికి కిరీటం లేదు, ఆకుపచ్చ చీర కట్టిన్రు, ఎడమ చేతుల వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు పెట్టిన్రు, కుడి చెయ్యి అభయహస్తం. బతుకమ్మ మాయం.

ఫస్ట్ ఆ కుడి చెయ్యి సంగతి చూడండి. ఆవిష్కరణ కాకముందే, ఫొటో బయటికొచ్చిన రోజే ఒకలు అది దీవెన అన్నరు, ఇంకొకలు అది చెయ్యి గుర్తు అన్నరు. టీవీల కూసోని కొట్లాడుకున్నరు గని నన్నడిగితే ఇద్దరు చెప్పింది నిజమే. గుళ్ళె దేవునికి ఆ చెయ్యి ఉంటె ఎవరూ ఓటు గుర్తు అనుకోరు, కాంగ్రెస్ సర్కారు పెట్టిన విగ్రహానికి ఉంటె అనుకోకుండ ఉండలేరు. చెయ్యి అదే, దాని చుట్టుపక్కల ఏమున్నదో అది మారింది, అంతే.

ఫెర్డినాండ్ డి సొస్యూర్ అని స్విట్జర్లాండ్ల ఒక భాషా పండితుడు ఉండె. ఆయన 1913ల పోయిండు, విద్యార్థులు రాసుకున్న నోట్సులు ముందటేసుకొని తోటి ప్రొఫెసర్లు 1916ల ఆయన పాఠాలు అచ్చేసిన్రు. ఆయన చెప్పిన దాంట్ల నాకు బాగ పట్టుకున్న ముచ్చట ఏందంటె, గుర్తుకు సొంతంగ అర్థం ఉండదు, పక్కనున్న గుర్తులకూ దానికీ ఉన్న తేడా నుంచే అర్థం వస్తది. ఇది కాలేజీ పాఠం లెక్క అనిపిస్తే మునుగోడు యాది చేసుకోండి. 2022 ఉప ఎన్నికల రోడ్డు రోలర్ గుర్తు మీద ఎంత లొల్లి అయిందో, కారు గుర్తున్న టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) వాళ్ళు అది ఈవీఎం మీద మా కారు లెక్కనే కనబడ్తది, ఓట్లు పక్కకు పోతున్నయి అని మొత్తుకున్నరు, ఆఖరికి ఆ రోలర్ గుర్తును మార్చినందుకు రిటర్నింగ్ ఆఫీసర్‌నే మార్చిన్రు. 1951-52ల మొదటి సాధారణ ఎన్నికలప్పుడు చదువురానోళ్ళే ఎక్కువ ఉండిరి గాబట్టి దేశంల ఈ గుర్తుల పద్ధతి పెట్టిన్రు. కారు కారు లెక్క కనబడుడు సరిపోదు, రోలర్ లెక్క కనబడకుండ కూడ ఉండాలె.

నంబరు ప్లేటు కూడ అంతే. ఉద్యమంల ఏపీ అనే అక్షరాలు చెరిపేసి టీజీ అని రాసుకున్న బండ్లు ఎన్ని తిరిగినయో మా తరం మొత్తం చూసింది. ఆ రెండు అక్షరాలకు సర్కారు ముద్ర లేదు, రూలు ప్రకారం తప్పు, అయినా రాసుకున్నరు, ఎందుకంటె టీజీ అంటె తెలంగాణ అని మాత్రమే కాదు, నేను ఏపీ కాదు అని కూడ. 2014ల రాష్ట్రం వచ్చినంక టీఎస్ అన్నరు. 2024 మార్చి నుంచి మల్ల టీజీ. దీన్ని చాన మంది దండుగ ఖర్చు, అక్షరం మారితే కడుపు నిండుతదా అన్నరు. కడుపు నిండదు, ఒప్పుకుంట. గని టీజీ అనేది ఏ ఆఫీసుల పుట్టలేదు, రేడియం స్టిక్కరు షాపుల కాడ, పెయింటు బ్రష్షుల తోని పుట్టింది, జనం దాన్ని వాడి వాడి దానికి అర్థం పోసిన్రు. టీఎస్‌కు ఆ చరిత్ర లేదు. అందుకే ఈ ఒక్క మార్పు నాకు సబబే అనిపించింది.

ఇంక సిన్మా. ఇక్కడ నాకు కోపం ఆగదు, జర ఓపిక పట్టండి.

ఎన్నో ఏండ్లు మన యాస తెర మీద ఎవరి నోట్లె ఉండె? రౌడీ, రౌడీ పక్కన ఉండే తాగుబోతు, పనిమనిషి, ఆటో డ్రైవరు, కమెడియన్. హీరో ఓరుగల్లుల పుట్టిండని కథల చెప్పినా వాడు మాట్లాడేది క్రిష్ణా గుంటూరు భాషనే. శ్రీకాకుళం యాసకు వాచ్‌మన్లు, అమాయకులు మిగిలిన్రు, రాయలసీమ యాసకు సుమోలు, బాంబులు, కొడవళ్ళు. ఒక్క సిన్మాల అట్ల ఉంటె అది పాత్ర. వంద సిన్మాలల్ల అట్లనే ఉంటె అది ఆ మాట మాట్లాడే ప్రతి మనిషి మీద ఏసిన ముద్ర.

ఫ్రాన్సుల రొలాఁ బార్త్ అనే రచయిత 1950లల ఒక ముచ్చట రాసిండు. సెలూన్ల కూసున్నప్పుడు చేతికి ఒక పత్రిక ఇచ్చిన్రు, అట్ట మీద ఫ్రెంచి యూనిఫాం ఏసుకున్న ఒక నల్లజాతి పిల్లగాడు సెల్యూట్ కొడుతున్నడు. బొమ్మల కనబడేది అంతే. గని ఆ బొమ్మ చెప్పేది వేరే, ఫ్రాన్స్ గొప్ప సామ్రాజ్యం, రంగు తేడా లేకుండ అందరూ దానికి ఇష్టంగ సేవ చేస్తున్నరు, వలస పాలన అని ఎవరూ ఏడ్వాల్సిన పని లేదు అని. ఫొటోల అబద్ధం ఏం లేదు, పిల్లగాడు నిజం, సెల్యూట్ నిజం, అందుకే దాని ఎనకనున్న మాటను కూడ మనం అడగకుండనే మింగేస్తం. మన సిన్మాల యాసది గదే కథ. పనిమనిషి మాట్లాడుతున్నది, నిజమే, అట్ల మాట్లాడే పనిమనుషులు ఉన్నరు. గని రెండు గంటల తర్వాత హాల్‌ నుంచి బయటికొచ్చేటోని బుర్రల మిగిలేది ఏంది? ఇది పనోళ్ళ భాష అని. చదువుకున్నోడు ఇట్ల మాట్లాడడు అని.

దీనితోని ఏమైతదో నేను దగ్గర నుంచి చూసిన. హైదరాబాద్ల ఇంటర్ చదివేటప్పుడు మా బెంచిల ఒక దోస్తు ఉండె, లెక్కలల్ల మస్తు చురుకు. ఒకరోజు లేచి నిలబడి, సార్ నాకు ఈ స్టెప్పు సమజ్ కాలే అన్నడు. లెక్చరర్ నవ్వి, వాన్ని ఒక సిన్మా కమెడియన్ పేరు పెట్టి పిలిచిండు. క్లాసంత నవ్విన్రు. ఏడాదంత వానికి అదే పేరు. వాడు ఆ తర్వాత క్లాసుల డౌట్ అడగలే, ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం గొంతు తగ్గించి మనలెక్క మాట్లాడేటోడు, పక్కన ఎవరన్న ఉంటె వెంటనే "వచ్చేశాను, తినేశాను" అని మారిపోయేటోడు. ఆ లెక్చరర్ చెడ్డోడని నేను అంటలేను, ఆయనకు ఆ నవ్వు సిన్మా హాల్ల నేర్పిన్రు.

ఇప్పుడు మారింది గదా, హీరోలు కూడ యాసల్నే మాట్లాడుతున్నరు గదా అంటరు. మారింది, సంతోషం, మన ఊరు మన గోడ మన పలకరింపు తెర మీద చూసి నేను కూడ కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్న. గని కొత్త ముద్ర ఒకటి తయారైతున్నది, జాగ్రత్తగ చూడండి. తెలంగాణ కథ అంటె పొద్దుగాల కల్లు, రాత్రి మందు, మధ్యల మటన్ ముక్క, మాటకొక బూతు. చదువుకునే పిల్ల, బ్యాంకుల పని చేసే ఆడామె, మాట తక్కువ మనిషి, మందు ముట్టనోడు మా ఊళ్ళల్ల లేరా? టీవీల కూడ యాసకు ఒక ప్రోగ్రాం ఇచ్చిన్రు, నవ్వించే వార్తలకు. రాత్రి తొమ్మిది గంటల సీరియస్ బులెటిన్, బడ్జెట్ మీద చర్చ, అవి మాత్రం పాత భాషలనే. మా మాటతోని నవ్వొచ్చు, ఏడ్వొచ్చు, తిట్టొచ్చు, బడ్జెట్ మాత్రం చెప్పరాదా?

మల్ల తల్లి దగ్గరికి వస్త. కిరీటం తీసుడు నాకు నచ్చింది. నాటేసే ఆడామె, బీడీలు చుట్టే ఆడామె, మా నాయనమ్మ, ఎవరూ కిరీటం పెట్టుకున్నోళ్ళు కాదు. గని కిరీటం ఉంటెనే మర్యాద, మన తల్లిని ఎందుకు బీదామెను చేస్తరు అని అడిగినోళ్ళ మాటను నేను తేలిగ్గ తీసుకోను, దాంట్ల బరువున్నది. గాంధీ 1921ల మధురైల అంగీ వదిలేసి కొల్లాయి కట్టుకుంటె దేశం మొక్కింది. అంబేద్కర్ సూటు ఏసుకున్నడు, ఇయ్యాల ఊరూరికీ నీలి సూటు విగ్రహం, చేతుల రాజ్యాంగం. అంగీ ఉన్నోడు ఇడిస్తేనే అది త్యాగం అయితది, ఏండ్లకేండ్లు మంచి బట్ట కట్టనియ్యని మనుషులకు మాత్రం మంచి బట్ట కట్టుడే కొట్లాట. 1927ల మహారాష్ట్రల మహద్ కాడ అంబేద్కర్ దళిత ఆడోళ్ళకు చెప్పింది కూడ అదే, చీర అందరు కట్టినట్టు నిండుగ కట్టండి, మీ కులం మీ బట్ట మీద కనబడనియ్యకండి అని. గాబట్టి బీదగ కనబడితేనే మనోళ్ళు అనే వాదన నాది కాదు. అంబేద్కర్ సూటు ఆయన ఒంటి మీదిది, చదువుతోని సంపాదించుకున్నది. ఆ కిరీటం ఎవరి నెత్తి మీదికెల్లి వచ్చింది? దేవతల క్యాలెండర్ల నుంచి వచ్చింది. అందుకే పోతె పోనీ అంటున్న.

మరి బతుకమ్మ? అది క్యాలెండర్ల నుంచి వచ్చిందా?

బతుకమ్మ పేర్చుడు ఎప్పుడన్న దగ్గర కూసోని చూడండి. తాంబాలంల గుమ్మడాకులు పరుస్తరు. గునుగు పువ్వు కాడలు ఒక్క తీరుగ కోసి, కట్టలు కట్టి, రంగునీళ్ళల్ల ముంచి ఆరబెడ్తరు. తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస, గుండ్రంగ తిప్పుకుంట పోతరు, నడిమిట్ల ఖాళీ కాకుండ ఆకులు, కోసి పారేసిన కాడల ముక్కలే కూరుతరు, లేకపోతె మొత్తం ఒక పక్కకు ఒరుగుతది. మీదికి పోయిన కొద్ది వరుస చిన్నగైతది. ఆఖరికి గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. గునుగు పొలం గట్ల మీద, చెల్కలల్ల దానంతటదే మొలిచే పువ్వు, తంగేడు గుట్ట కాడ దొరుకుతది. పైస పెట్టి కొనని పువ్వుతోని ఆడోళ్ళు వాళ్ళ చేతులతోని చేసుకునే దేవుడు, పూజారి అక్కర లేని దేవుడు. 2011ల సకల జనుల సమ్మె నడుస్తుంటెనే బతుకమ్మ వచ్చింది, వాకిట్ల ఆడుకునే ఆటను ఆడోళ్ళు నడిరోడ్డు మీదికి తెచ్చిన్రు, అప్పటికెల్లి ఆ పువ్వుల గోపురం చూస్తె పండుగ ఒక్కటే యాదికి రాదు, కొట్లాట కూడ యాదికొస్తది. ఆ అర్థం పోసింది ఏ పార్టీ కాదు. ఒక పార్టీ దాన్ని వాడుకున్నది, నిజం, అందుకని దాన్ని ఆ పార్టీకే రాసిచ్చేస్తమా?

సర్కారు ఎంత ఖర్చు పెట్టినా అర్థాన్ని కొనలేదు అనేటందుకు 2017 చీరలే సాక్ష్యం. బతుకమ్మ చీరలని పంచిన్రు, కొన్ని ఊళ్ళల్ల ఆడోళ్ళు నాణ్యత లేదని ఆ చీరలనే కుప్పేసి కాలబెట్టిన్రు. పండుగకు ఆడబిడ్డకు పెట్టే చీర అంటె మా దగ్గర మర్యాద, బట్ట మంచిగ లేకపోతె అది చీర తక్కువైనట్టు కాదు, మనిషిని తక్కువ చేసినట్టు. పంచినోళ్ళకు అది గజాల లెక్క, తీసుకున్నోళ్ళకు పుట్టింటి లెక్క.

గొంగడి గురించి కూడ ఒక మాట. డెక్కనీ గొర్రె ఉన్నితోని నేసిన నల్లటి గొంగడి, కురుమలు గొల్లలు వానకు చలికి కప్పుకునేది. గద్దర్ దాన్ని భుజం మీద ఏసుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, కర్ర పట్టుకొని ఎగిరినంక అది జనం జెండా అయింది. ఇప్పుడు ఏ పార్టీ లీడర్ వచ్చినా గొంగడి కప్పి చేతికి గొర్రెపిల్లనిస్తరు, ఫొటో తీస్తరు, గొంగడి నేసేటోళ్ళు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నరు. గుర్తును ఒంటి మీద ఏసుకున్నోడు దాన్ని చేసినోనికి ఏమన్న బాకీ ఉంటడా లేదా? ఉంటడు అనే నేను అంట.

ఇంకొకటి ఎవరూ అడగలేదు. పాత తల్లికి బొట్టు, కొత్త తల్లికి బొట్టు. రెండు పార్టీలకు దీంట్ల లొల్లి లేదు. భర్త పోయిన ఆడామెను ఇప్పటికీ చాన ఊళ్ళల్ల పసుపుబొట్టు ఇచ్చే కాడికి పిలువరు, రైతు ఆత్మహత్యల ఇండ్లల్ల మిగిలింది ఆ ఆడోళ్ళే, అప్పు కట్టింది, పిల్లల్ని సాకింది వాళ్ళే. తెలంగాణ తల్లి అంటె ముత్తైదువే ఎందుకు అయి ఉండాలె? ఈ ప్రశ్న అడిగితె నన్ను రెండు దిక్కుల నుంచి తిడుతరని తెలుసు. అయినా అడుగుతున్న.

2024ల రాజముద్ర నుంచి కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తరని ముచ్చట లేచి, లొల్లి అయి ఆగింది. అవి రాజుల గుర్తులు, రాచరికం మనకెందుకు అని వాదన. 1591ల చార్మినార్ కట్టించింది రాజే, కాదనను. గని ఇయ్యాల దాని కింద గాజులమ్మేటామెకు, ఇరానీ చాయ్ తాగేటోనికి, రంజాన్ రాత్రి పిల్లల్ని ఎత్తుకొని వచ్చేటోళ్ళకు అది కులీ కుతుబ్ షాది కాదు, వాళ్ళది. తోరణం వరంగల్లోళ్ళ పెండ్లి మండపాల మీద, స్కూలు గేట్ల మీద ఉన్నది. ఈ ఫైలు మల్ల ఎప్పుడన్న తెరిస్తె కమిటీల కళాకారులు, ప్రొఫెసర్లతో పాటు ఆ గాజులమ్మేటామెను, బతుకమ్మ పేర్చే నలుగురు ఆడోళ్ళను, ఒక గొంగడి నేసేటాయనను కూడ కూసోబెట్టండి. మీటింగు మినిట్స్ వాళ్ళ యాసల్నే రాయండి.