ర్యాక్ మార్చెయ్ అనే మహానుభావులకి

పాత కారున్నవాడు నలుగురిలో "స్టీరింగ్ ఎందుకో అదోలా ఉంది" అని నోరు జారకూడదు. జారాడా, ఇక అంతే. ఒకడు "ర్యాక్ పోయింది, మార్చెయ్" అంటాడు. (ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు అటూ ఇటూ జరిగి ముందు చక్రాలని తిప్పే పళ్ల కడ్డీ.) ఇంకొకడు "ఎలాగూ విప్పుతున్నావు కదా, పవర్ ర్యాక్ వేసెయ్" అంటాడు. మూడోవాడు వీళ్లిద్దర్నీ మించినవాడు. "ఫలానా కొత్త మోడల్ ర్యాక్ దీనికి అచ్చంగా కూర్చుంటుంది, మా ఫ్రెండ్ వేయించాడు, వెన్నలా తిరుగుతోంది" అంటాడు. ఆ ఫ్రెండ్‌ని గానీ ఆ కారుని గానీ కళ్లారా చూసినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

నేను ఆ మూడోవాడి మాట విన్నాను. డబ్బు పోయింది, రెండు నెలలు పోయాయి, చివరికి పాత ర్యాక్‌నే మళ్లీ బిగించుకున్నాను. ఈ పోస్టు ఆ కడుపుమంట.

నా కారుకి ఇరవై ఏళ్లు దాటాయి. పవర్ స్టీరింగ్ లేదు. చక్రాలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగాలంటే స్టీరింగ్ నాలుగు చుట్లు తిప్పాలి. నాకున్న బాధలు రెండు. పార్కింగ్ చేసేటప్పుడు భుజాలు పట్టేసేవి. తిన్నటి రోడ్డు మీద వెళ్తుంటే స్టీరింగ్‌ని రెండు వేళ్లంత అటూ ఇటూ కదిపినా కారుకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఈ రెండూ ఒకే జబ్బు, దాని పేరు ర్యాక్ అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను. బరువు వేరు, వదులు వేరు. ఒక్కోసారి ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని ముదరబెడుతుంది.

ముందు వదులు సంగతి. మన చేతికీ టైరుకీ మధ్య ఎన్ని జాయింట్లు ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి. స్టీరింగ్ కాలమ్ బుష్, దాని కింద యూజే క్రాసులు (షాఫ్ట్ వంగిన చోట తిరిగే కీళ్లు), పినియన్ (ర్యాక్ పళ్లని నడిపే చిన్న గేరు), ర్యాక్, రెండు పక్కలా ర్యాక్ ఎండ్లు, అక్కడి నుంచి చక్రం దాకా వెళ్లే టై రాడ్ల చివర టై రాడ్ ఎండ్లు. ఇవి కాక చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు. ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి ఆట, అంటే వదులు, ఉన్నా అన్నీ కలిసి చేతి దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్లవుతుంది. అన్నిటికంటే దొంగ ఏదంటే ర్యాక్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు బుష్. అది మెత్తబడిందంటే స్టీరింగ్ తిప్పగానే ముందు ర్యాక్ మొత్తం పక్కకి జరుగుతుంది, ఆ తర్వాతే చక్రం కదులుతుంది. పైనుంచి చూసేవాడికి ర్యాక్ లోపల పళ్లు అరిగిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ర్యాక్ నిక్షేపంగా ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి మెషీన్లు అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. కారుని గుంత మీదో, టైర్లు ఆనే ర్యాంపు మీదో పెట్టి, బరువంతా చక్రాల మీదే ఉండగా ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని చిన్నగా, ఆగకుండా అటూ ఇటూ ఊపాలి. ఇంకొకరు కింద ఒక్కో జాయింట్ మీద చెయ్యి ఆనించి చూడాలి. ఆట ఎక్కడుందో వేలికి టక్ మని తగులుతుంది. చక్రాలు గాల్లో ఉండగా చేస్తే బరువు పడదు కాబట్టి సగం ఆటలు బయటపడవు. మొత్తం పది నిమిషాల పని. నాకు "ర్యాక్ పోయింది" అని చెప్పిన ముగ్గురు మెకానిక్కుల్లో ఒక్కడూ ఈ పని చేయలేదు. బానెట్ ఎత్తాడు, స్టీరింగ్ ఊపాడు, తల ఊపాడు. అయిపోయింది.

ర్యాక్ అరగదని కాదు, అరుగుతుంది. అయితే అరిగే తీరు ఒకటుంది. కారు బతుకంతా దాదాపు తిన్నగానే వెళ్తుంది కాబట్టి అరుగుదల ర్యాక్ నడుమ పళ్లలోనే ఎక్కువ, చివర్లు కొత్తవాటిలాగే ఉంటాయి. ర్యాక్ వెనక స్ప్రింగుతో ఒత్తిపట్టే ఒక చిన్న దిమ్మె ఉంటుంది, దాన్ని బిగించడానికి ఒక నట్టు. "ఓ అర చుట్టు బిగిస్తే సరి" అని బిగించేవాళ్లున్నారు. నడుమ ఆట పోతుంది, నిజమే. కానీ అరగని చివర్లకి వెళ్లేసరికి అది పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావాలి కదా, రాదు. చేత్తో తిప్పి తేవాలి. వదులు పోగొట్టబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం అంటే ఇదే. నడుమ అంత అరిగితే ర్యాక్ మార్చాల్సిందే, అక్కడ నాకు పేచీ లేదు. ర్యాక్ చివర్లని కప్పే రబ్బరు తొడుగు, అదే బూటు, చిరిగి నీళ్లు దిగి లోపల తుప్పు పట్టినా అంతే. ఆ మధ్య ఒక కారు బూటు విప్పితే లోపల గ్రీజు బదులు ఎర్ర బురద కనిపించింది. చిరిగిన బూటుని చూసీ చూడనట్టు వదిలేస్తే మిగిలేది అదే.

ఇక బరువు. టైర్లలో గాలి తక్కువుందా, అసలు సైజు కంటే వెడల్పు టైర్లు వేశారా, షాక్ అబ్జార్బర్ పైన తిరిగే బేరింగ్ పట్టేసిందా, యూజే క్రాస్ తుప్పు పట్టిందా, ఇవి చూడకుండా ర్యాక్ జోలికి పోకూడదు. స్టైలుగా ఉంటుందని చిన్న స్టీరింగ్ వీల్ వేయించుకున్నవాళ్లకి నా ప్రగాఢ సానుభూతి. అడ్డకొలత 38 సెంటీమీటర్ల నుంచి 35కి తగ్గితే అదే పనికి చేతులు సుమారు 9 శాతం ఎక్కువ బలం పెట్టాలి. అది నేనూ చేశాను. చేసి, స్టీరింగ్ బరువుగా ఉందని ఊరంతా చెప్పుకున్నాను.

ఇప్పుడు నా ఘనకార్యం. కొత్త మోడల్ నుంచి తీసిన పవర్ ర్యాక్ ఒకటి దొరికింది. అది మూడు చుట్ల ర్యాక్. "పంపు, బెల్టు తర్వాత పెడదాం, ముందు ర్యాక్ బిగిద్దాం" అన్నాడు మెకానిక్. నేను తలాడించాను. నాలుగు చుట్ల పని మూడు చుట్లలో జరగాలంటే ఒక్కో చుట్టుకి మూడింట ఒక వంతు ఎక్కువ బలం కావాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, చిన్నప్పుడు తులాదండం దగ్గర నేర్చుకున్నదే. పవర్ ఉంటే ఆ అదనపు బలం ఆయిల్ పెడుతుంది. పంపు లేకపోతే నేను పెట్టాలి. దానికి తోడు ర్యాక్ లోపల పిస్టన్ అలాగే ఉంది, ఒక పక్క ఆయిల్‌ని రెండో పక్కకి నెట్టే కూలి కూడా నాదే.

అసలు తమాషా అది కాదు. పవర్ ర్యాక్‌లో పినియన్ పైన ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, టార్షన్ బార్ అంటారు. మనం తిప్పగానే అది కాస్త మెలి తిరుగుతుంది, ఆ మెలికని బట్టి వాల్వ్ తెరుచుకుని ఆయిల్ సాయానికి వస్తుంది. పంపు లేనప్పుడు సాయం రాదు, మెలిక మాత్రం ఉంటుంది. చేతికి అది ఎలా తెలుస్తుందంటే, వదులులా! ఏ రెండు వేళ్ల ఆట వదిలించుకుందామని ఇంత గొడవ పడ్డానో, ఆ ఆటే కొత్త చొక్కా వేసుకుని తిరిగొచ్చింది. ముల్లు తీసి కొర్రు అడిచినట్టయింది నా పని.

సరే, పంపు పెట్టించాను. తేలికైంది. ఒక చేత్తో తిప్పుతున్నాను. వారం రోజులు నా అంత సంతోషపడ్డవాడు లేడు. తర్వాత ఒకరోజు కాస్త వేగంలో ఉండగా ఎడమ చక్రం గుంతలో పడింది. స్టీరింగ్ నేను కదపలేదు, కారు మాత్రం పక్కకి దూకింది. అలైన్‌మెంట్ అనుకున్నాను. చేయించాను, అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. మళ్లీ గుంత, మళ్లీ గెంతు. ఇంకోసారి అలైన్‌మెంట్, మళ్లీ పచ్చ అంకెలే. ఎందుకంటే ఆ మెషీన్ చూసేది నిలబడి ఉన్న కారుని. నా కారు జబ్బు చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు వచ్చేది.

దీన్ని బంప్ స్టీర్ అంటారు. చక్రం గతుకు మీద పైకి లేచినప్పుడు లోయర్ ఆర్మ్ ఒక వంపు గీస్తుంది, టై రాడ్ ఇంకో వంపు గీస్తుంది. కారు తయారుచేసినవాళ్లు ఈ రెండు వంపులూ వీలైనంత కలిసి నడిచేలా ర్యాక్ ఎత్తు, ర్యాక్ పొడవు, టై రాడ్ పొడవు ఎంచుకుంటారు. నా కొత్త ర్యాక్ పాతదానికంటే కాస్త పైన కూర్చుంది, పొడవు కూడా ఎక్కువ. పొడవెక్కువైందని టై రాడ్లు కురచ చేశారు. కురచ రాడ్ గీసే వంపు కూడా చిన్నదే కదా. రెండు వంపులూ విడిపోయాయి. చక్రం లేచిన ప్రతిసారీ టై రాడ్ దాన్ని తోస్తుంది లేదా లాగుతుంది. అంటే గతుకు పడ్డప్పుడల్లా నా బదులు రోడ్డే స్టీరింగ్ తిప్పుతోంది. "బోల్టులు కలిశాయి కదా, ఫిట్ అయినట్టే" అనేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే. బోల్టు కలవడం మొదటి పది శాతం కూడా కాదు.

ఇంతకంటే ఘోరాలు ఉన్నాయి. కొన్ని కార్లలో ర్యాక్ ఇరుసుకి వెనక ఉంటుంది, కొన్నిట్లో ముందు. ఇరుసు వెనక ఉండాల్సిన ర్యాక్‌ని అలాగే తీసుకెళ్లి ముందు పెడితే కుడికి తిప్పితే చక్రాలు ఎడమకి వెళ్తాయి. నవ్వకండి, బిగించి చూసుకున్నాక తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. ర్యాక్‌ని కాస్త ముందుకో వెనక్కో జరిపినా ఆకర్‌మాన్ లెక్క చెడుతుంది, అంటే మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలనే నియమం. ఇది గుర్రపు బండ్ల కాలం నాటిది. కనిపెట్టినవాడు లాంకెన్‌స్పెర్గర్, 1818లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నది ఆకర్‌మాన్. పేరు మాత్రం పేటెంట్ కాగితం ఉన్నాయనకి దక్కింది.

పవర్ స్టీరింగ్ మీద నాకు పగ లేదు. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో మామూలు కార్లలోకి వచ్చింది, 1988లో సుజుకీ సెర్వోలో కరెంటు మోటారుతో వచ్చింది, ఎన్నో భుజాలని కాపాడింది. చేతుల్లో బలం తగ్గినవాళ్లు పాత కారు వదులుకోకుండా ఉండాలంటే అదే దారి. అయితే ఒకే మోడల్‌ని మామూలు స్టీరింగ్‌తోనూ పవర్‌తోనూ అమ్మిన కంపెనీలు చాలాసార్లు చుట్లు మార్చాయి, క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి ఎంత వాలి ఉందో అది) కూడా మార్చాయి. మామూలు స్టీరింగ్ కారుకి బరువు పెరగకూడదని క్యాస్టర్ తక్కువ పెడతారు. దానికి పవర్ తగిలిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ బద్ధకంగా తిరిగొస్తుంది. కాబట్టి అదే మోడల్ పవర్ వెర్షన్ సామాను మొత్తం, అంటే ర్యాక్, ఆర్ములు, టై రాడ్లు, కాలమ్, అన్నీ ఒకే కారు నుంచి దొరికితే వేయించుకోండి, నేనే దగ్గరుండి బోల్టులు అందిస్తాను. అది లేకపోతే కాలమ్ దగ్గర కూర్చునే ఎలక్ట్రిక్ మోటారు నయం. కింద ర్యాక్ జోలికి పోదు, వంపులు చెడవు. కాకపోతే పార్కింగ్‌లో గట్టిగానే కరెంటు లాగుతుంది, పాత ఆల్టర్నేటర్ తట్టుకుంటుందా చూడాలి. వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గించమని చెప్పే సిగ్నల్ కూడా దానికి అందాలి. లేకపోతే హైవే మీద స్టీరింగ్ దూదిలా తేలిపోయి టెన్షన్ పెడుతుంది. దేనికైనా స్టీరింగ్ షాఫ్ట్‌ని కోసి వీధి చివర వెల్డింగ్ పెట్టిస్తామంటే మాత్రం నేను ఆ కారెక్కను. ఇన్సూరెన్సువాళ్లకి చెప్పకుండా చేస్తే అదో తలనొప్పి.

చివరికి నా కారుని చక్కదిద్దింది ఒక పెద్దాయన. కారు కింద దూరి, నన్ను లోపల కూర్చోబెట్టి ఊపమన్నాడు. బయటికొచ్చి అడిగిన మొదటి మాట: "పాత ర్యాక్ పారేశావా బాబూ, ఉందా?" ఉందన్నాను. దాన్ని బల్ల మీద పెట్టి, చివరి నుంచి చివరికి తిప్పి చూసి, "దీనికేమైంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కొత్త రబ్బరు బుష్‌లు, కుడి పక్క ర్యాక్ ఎండ్, రెండు టై రాడ్ ఎండ్లు, ఒక యూజే క్రాస్, రెండు బూట్లు. చుట్లు లెక్కపెట్టి ర్యాక్‌ని సరిగ్గా నడుమకి తెచ్చి, రెండు పక్కలా టై రాడ్ మరలు సమానంగా ఉన్నాయో లేదో చూసి బిగించాడు. అలైన్‌మెంట్ దాని తర్వాతే. పాత పెద్ద స్టీరింగ్ వీల్ కూడా మళ్లీ ఎక్కించాను. పార్కింగ్‌లో ఇప్పటికీ బరువే, కాకపోతే కారుని కాస్త కదులుతుండగా తిప్పడం నేర్చుకున్నాను. నిలబెట్టి తిప్పితే ఏ ర్యాక్‌కైనా బరువే.

ఆ మూడు చుట్ల ర్యాక్ మాత్రం ఇంకా అటక మీదే ఉంది. మొన్న ఒకాయన మెసేజ్ పెట్టాడు, తన పాత కారు స్టీరింగ్ వదులుగా ఉందట, ఆ ర్యాక్ ఇస్తారా అని. ముందు ర్యాక్ బుష్‌లు చూపించారా అని అడిగాను. మెసేజ్ చదివినట్టు గుర్తు పడింది, జవాబు ఇంకా రాలేదు.