గారెల పిండిలో గోళీ

పండక్కి అత్తగారు బట్టలతో పాటు అల్లుడుగారికి ముఖానికి రాసుకునే లోషన్ కూడా పెట్టారు. పెట్టె నిండా ఆకుల బొమ్మలు, పైన ‘భూమాతకు మేలు’ అన్న అక్షరాలు. అల్లుడుగారు రాసుకోలేదు. విచారణ మొదలుపెట్టారు.

ఇలాంటి విచారణ వంటింట్లోనే జరగాలి, కాటా అక్కడే ఉంటుంది గనక. లోషన్‌తో సహా సీసా, పంపు, మూత, పెట్టె కలిపి 140 గ్రాములు తూగాయి. లోపలి సరుకు 50 మిల్లీలీటర్లు. అంటే లారీలో ఊరేగి వచ్చింది ఎక్కువగా సీసాయే.

తరవాత పదార్థాల పట్టీ. 1 శాతానికి మించినవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. అంతకు తక్కువైనవి ఎలా రాసినా అడిగేవాడు లేడు. ఇక్కడ పట్టుకోవాల్సిన గుర్తు ఫినాక్సీఇథనాల్. సరుకు పాడవకుండా వేసే ఈ మందు 1 శాతం దాటకూడదు కాబట్టి, దాని వెనక నిలబడినవాళ్లంతా చిటికెడుగాళ్లే. పెట్టె మీద పెళ్లికొడుకులా వెలిగిపోతున్న కలబంద సరిగ్గా అక్కడే దొరికింది.

“కుందేలు బొమ్మ ఉంది కదా బాబూ, మంచిదే అయ్యుంటుంది” అన్నారు అత్తగారు, మినప్పిండి రుబ్బుతూ.

జంతువుల మీద పరీక్షించలేదని మాత్రమే కుందేలు చెబుతుంది. ప్లాస్టిక్ సంగతి దానికి తెలీదు. పైగా ఆ పరీక్షలు మన దేశంలో 2014 నుంచే నిషేధం. ‘పర్యావరణహితం’ లాంటి మాట వాడితే ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలిచ్చింది, ఆ ఆధారం క్యూఆర్ కోడ్‌లో పెట్టినా సరే. అల్లుడుగారు స్కాన్ చేశారు. రెండు కొంటే ఒకటి ఉచితం అని వచ్చింది.

ఇక మిగిలింది శవపరీక్ష. లోషన్ గిన్నెలోకి వంపేశారు. వెదురు మూతని కాసేపు వేడినీళ్లలో నానబెట్టి చాకు దూర్చి తిప్పితే, లోపల అతికించిన తెల్ల ప్లాస్టిక్ ఊడొచ్చింది. విడిగా ఉంటే వెదురు మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ కరిగించడానికి పనికొస్తుంది. జిగురుతో కాపురం పెట్టించాక రెండూ చెత్తకుప్పకే.

పంపు దగ్గర తొందరపడకూడదు. దాంట్లో రకరకాల ప్లాస్టిక్ ముక్కలు, ఒక స్టీలు స్ప్రింగు, లోషన్ వెనక్కి జారకుండా అడ్డుపడే చిన్న గాజు గోళీ ఉంటాయి. స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది గనక గుడ్డ కప్పి, అరచెయ్యి అడ్డం పెట్టి ఊడదియ్యాలి. అల్లుడుగారు స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క ఎత్తు ఎత్తారు.

స్ప్రింగు దేవుడి పటం వెనక్కి పోయింది. గోళీ గారెల పిండిలో పడింది.

అల్లుడుగారిని ఏమీ అనకూడదు. అత్తగారు పిండిని గుప్పెడు గుప్పెడు తీసి వేళ్లతో చిదిమి చూశారు. జొన్నగింజంత గోళీ, పైగా గాజుది, అయస్కాంతానికీ రాదు. “గారెలకేం తొందర, పులిహోర ఉందిగా” అని మావగారు పళ్లు కాపాడుకున్నారు.

సాయంత్రం పాత సామాన్లతను వచ్చాడు. అట్టపెట్టె తీసుకున్నాడు. సీసా అటూ ఇటూ తిప్పి సరేనన్నాడు. పంపు ముక్కలు, మూత మాత్రం అరుగు మీద తిరిగి పెట్టేశాడు.

“ఇవి ఎవరూ కొనరండీ. ఆ గిన్నెలో లోషన్ పారబొయ్యకండి, మా ఆవిడకి పట్టుకెళ్తా.”