మహారాజశ్రీ పోర్ట్రెయిట్ మోడ్ గారికి

అయ్యా,

ఫోన్ కెమెరాలో కూర్చుని, మనిషిని స్పష్టంగా ఉంచి వెనకున్నదంతా మసక చేసే మీకు, హైదరాబాద్ నుంచి మీ బాధితుల తరఫున రాయునది. ఇక్కడ అందరం క్షేమం, చెవులు తప్ప.

మొన్న మా చిన్నమ్మ నిజామాబాద్ నుంచి వచ్చింది. చార్మినార్ ముందు ఒక్క ఫోటో దిగాలని ఆమె కోరిక. దింపారు. 1591 నుంచి నిలబడి ఉన్న కట్టడాన్ని రెప్పపాటులో మసక చేసి పారేశారు. ఊళ్లో చూసినవాళ్లు "ఏ వాటర్ ట్యాంకు దగ్గర దిగినవు వదినా?" అన్నారట. అక్కడితో ఆగితే సర్దుకునేవాళ్లం. లాడ్ బజార్‌లో బేరమాడి మరీ కొన్న బుట్టకమ్మల్లో కుడిది మిగిల్చి, ఎడమది వెనకాల పోతున్న ఆటోలో కలిపేశారు. భుజం మీంచి ముందుకు వేసుకున్న మల్లెదండ సగం దాకా ఉంది, ఆ తర్వాత లేదు. కళ్లద్దాల కాడ చెంప దాటాక మాయం.

మీ కష్టం తెలియక కాదు. పెద్ద కెమెరాకు 85 ఎంఎం లెన్స్ పెట్టి, అపెర్చర్‌ను, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 1.8 దాకా బాగా తెరిచి దగ్గర్నుంచి తీస్తే మసక దానంతటదే వస్తుంది. ఫోకస్ ఉన్న చోటు నుంచి దూరం జరిగేకొద్దీ కొంచెం కొంచెంగా చిక్కబడుతుంది. మీ సెన్సర్, అదే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే పలక, గోరంత. పాపం, ముందున్నదెవరు వెనకున్నదెవరు అని లెక్కకట్టి, వెనకవాళ్లకు మసక పూస్తారు. వెంట్రుకల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. పోనీలెండి.

నా అసలు ఫిర్యాదు వేరే. మీరున్నారన్న ధీమాతో జనం వెలుతురు చూడటం మానేశారు. మే నెల, పట్టపగలు పన్నెండు, ట్యాంక్‌బండ్. సూర్యుడు సరిగ్గా నెత్తిమీద. కనుబొమ్మల నీడ పడి కళ్లు రెండు గుంటలు, ముక్కు నీడ పడి పెళ్లి కావాల్సిన పిల్లకు కూడా మీసం. మీరేమో ఆ మీసం జోలికి పోకుండా, హుస్సేన్‌సాగర్‌లో తన మానాన తను నిలబడ్డ బుద్ధుణ్ణి మసకేస్తారు!

అదే పిల్లను చిక్కడపల్లిలో మా వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి. ఎండ నేరుగా పడని కిటికీ అది. మూరెడు దూరంలో స్టూలు, ముఖం కాస్త కిటికీ వైపు. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి, లేకపోతే ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు. నీడపడ్డ వైపు ఎవరైనా తెల్ల తువ్వాలు పట్టుకుంటే ఆ చెంప కూడా తేరుకుంటుంది. ఫోన్‌లో మనకు దగ్గరగా ఉన్న కంటి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. వేలు కాస్త కిందికి జరిపితే తెల్లగా పేలిపోతున్న నుదురు దారికొస్తుంది. కంట్లో కిటికీ చిన్న మెరుపులా కనబడిందా, అయిపోయింది. ఇందులో మీ పని ఏముంది చెప్పండి?

ముక్కు సంగతీ అంతే. చేతికందే దూరంలో సెల్ఫీ తీస్తే చెవుల కంటే ముక్కే కెమెరాకు దగ్గర, అందుకే అది అంత పెద్దది. రెండు మీటర్లు వెనక్కి జరిగి, రెండింతల జూమ్‌తో తీస్తే ఎవరి ముక్కు వాళ్లకు తిరిగొస్తుంది. మనిషిని గోడకు ఆనించి మసక రమ్మంటే మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? గోడకూ మనిషికీ మధ్య చోటుండాలి. అన్నట్టు, బావగారి నెత్తిమీద మొలిచిన కరెంటు స్తంభాన్ని మీరు మసక చేశారు గానీ పీకలేదు. ఫోన్ పట్టుకున్నవాడు ఒక్కడుగు పక్కకు వేస్తే పోయేదది.

ఈ ఊరికి ఫోటోలు కొత్తేం కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్. గాజు పలకల మీద, కదలొద్దని కూర్చోబెట్టి తీసిన బొమ్మలవి. నవాబులందరి చెవులూ భద్రంగా ఉన్నాయి.

ఒక్క విన్నపం. మరీ దగ్గరికొస్తే "వెనక్కి జరగండి" అని తెర మీద రాస్తారు కదా, అంటే మీకు నోరుంది. అదే నోటితో "నీడలోకి రండి", "తల వెనక స్తంభం చూసుకోండి" అని కూడా చెప్పండి. అయినా వినకుండా ఎండలోనే నిలబడితే, బ్యాటరీ లేదని అబద్ధమాడి ఆరిపోండి. ఆ పాపం నేను పంచుకుంటాను.

ఇట్లు,
ఫ్యామిలీ గ్రూపులో అందరి ఫోటోలకూ తిట్లు తినే
చిక్కడపల్లి వాసి