కరివేపాకుకి కార్లో వెళ్తున్నా, భూమి కోసమే

నేను భూమిని కాపాడటం మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. అంతకుముందు నేనూ మీలాగే పొగ వదులుకుంటూ తిరిగే మామూలు మనిషిని. ఇప్పుడు నాది ఎలక్ట్రిక్ కారు, దానికి ఆకుపచ్చ నంబర్ ప్లేట్, దాని మీద తెల్ల అక్షరాలు, సిగ్నల్ దగ్గర పక్క కారువాడు ఒక్కసారి అటు చూశాడంటే ఆ రోజు నేను పుణ్యస్నానం చేసొచ్చినట్టే.

మేముండేది బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో. అపార్ట్‌మెంట్‌లో సగం మందిమి తెలుగోళ్ళమే, అందుకని వాట్సాప్ గ్రూపుకి లోటు లేదు, నీళ్ళ ట్యాంకర్ రాలేదని మొదలైన గొడవైనా సరే అరగంటలో ఎలక్ట్రిక్ కార్ల దగ్గరికొచ్చి పడుతుంది. అటువైపు సేనాధిపతి 403 రావుగారు. ఆయనది ఏడు సీట్ల డీజిల్ బండి, ఇంట్లో ఉండేది ఇద్దరు. నేను కారు కొనేదాకా కాంగో అనే దేశం ఉందని ఆయనకి పట్టలేదు, కొన్న మర్నాటి నుంచీ అక్కడ బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ అనే లోహం తవ్వే గనుల్లో పిల్లల కష్టం తలచుకుని నిద్ర పట్టట్లేదట పాపం. ఆ బాధంతా ఆయన టైప్ చేసింది కోబాల్ట్ ఉన్న ఫోన్లోనే. నేనూ ఊరుకోలేదు, మన దగ్గర చాలా ఎలక్ట్రిక్ కార్లకి వచ్చేది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం, ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసే బ్యాటరీ, అందులో కోబాల్టే ఉండదు, ఆ మాటకొస్తే డీజిల్లోంచి గంధకం తీసేయడానికి రిఫైనరీల్లో వాడే సరుకులోనే కోబాల్ట్ ఉంటుంది అని పెట్టా. ఆయన నమస్కారం బొమ్మ పెట్టి వెళ్ళిపోయారు. మా గ్రూపులో నమస్కారం అంటే రేపు చూసుకుందాం అని.

మర్నాడు నిజంగానే చూసుకున్నాం. 2021లో ఐసీసీటీ అనే, బండ్ల కాలుష్యం మీద పరిశోధన చేసే సంస్థ ఒక లెక్క వేసింది, కారు తయారీ నుంచి తుక్కు అయ్యేదాకా మొత్తం కలిపి చూస్తే యూరప్‌లో ఎలక్ట్రిక్ కారు పెట్రోల్ కారు కన్నా 66 నుంచి 69 శాతం తక్కువ కాలుష్యం అని. కాలుష్యం అంటే ఇక్కడ భూమిని వేడెక్కించే వాయువులు. నేను ఆ ముక్క గ్రూపులో పెట్టా. అదే రిపోర్టులో ఇండియా లెక్క 19 నుంచి 34 శాతమే అని ఉంది, అది రావుగారు పెట్టారు. ఇద్దరం నిజమే చెప్పాం, చెరో సగం.

ఆ తేడా ఎందుకంటే మన కరెంట్‌లో ఎక్కువ భాగం బొగ్గుదే. కర్ణాటకలో గాలిమరలూ, జలవిద్యుత్తూ బాగానే ఉన్నాయి, మన అనంతపురం సరిహద్దులోనే పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాన్ని గ్రూపులో నా సొంత పొలంలాగా చెప్పుకుంటాను. కాకపోతే నేను చార్జింగ్ పెట్టేది రాత్రి పదకొండింటికి. ఆ టైంలో పావగడలో సూర్యుడు డ్యూటీలో ఉండడు. మా మేనమామ కొత్తగూడెంలో, సింగరేణిలో చేసి రిటైరయ్యాడు, కారు కొన్నానని తెలిసి ఫోన్ చేశాడు. "ఏం అల్లుడూ, కరెంటు కారు కొన్నవంట. మంచిగ చేసినవ్. మీ కర్ణాటక రాయచూర్‌ల కరెంటు తయారుచేసే ప్లాంటుకు మన సింగరేణి బొగ్గే పోతది. మొత్తానికి మామ కష్టం మీదనే తిరుగుతున్నవ్ పో!" ఆయన సంతోషపడ్డాడు. నేను ఈ సంగతి గ్రూపులో పెట్టలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. బ్యాటరీ తయారీకి చాలా కరెంట్, చాలా ఖనిజం ఖర్చవుతుంది కాబట్టి ఎలక్ట్రిక్ కారు షోరూంలోంచి బయటికొచ్చే రోజుకే పెట్రోల్ కారు కన్నా ఎక్కువ పాపం నెత్తిన పెట్టుకుని వస్తుంది. తిరిగేకొద్దీ ఆ అప్పు తీరుతుంది, వేల కిలోమీటర్లు తిరగాలి. ఇది చదివిన రోజు నాకు బాధ్యత తెలిసొచ్చింది. మూలమీద కొట్టుకి కరివేపాకు కోసం కార్లో వెళ్తున్నా. సాయంత్రం వాకింగ్‌కి పార్కు దాకా కార్లోనే వెళ్ళి, అక్కడ మూడు రౌండ్లు నడిచి, మళ్ళీ కార్లోనే వస్తున్నా. మా ఆవిడ నవ్వుతుంది, అప్పు ఎగ్గొట్టే వంశం కాదు మాది అని చెప్పా. కుందలహళ్ళి మెట్రో స్టేషన్ మా గేటు నుంచి ఎనిమిది నిమిషాల నడక, ఆఫీసు ఇందిరానగర్లో, పర్పుల్ లైన్ మీద రైలు మారే పని కూడా లేదు. కానీ మెట్రో ఎక్కితే నా నంబర్ ప్లేట్ ఎవరు చూస్తారు?

రావుగారి పద్ధతి వేరు. ఏటా ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉంటారు, ఆ ఆరు నెలలూ ఆయన బండి బేస్‌మెంట్‌లో కవర్ కింద పడుకుంటుంది. నిజాయితీగా లెక్కేస్తే మా అపార్ట్‌మెంట్‌లో ఆ రోజుల్లో దాన్ని మించిన పర్యావరణహిత వాహనం లేదు. విమానం సంగతి అడక్కండి, గొడవ కార్ల గురించి.

కిందటి నెల ఓ రాత్రి వానకి కరెంట్ పోయింది, జనరేటర్ ఆన్ అయింది. బేస్‌మెంట్‌కి వెళ్ళి చూస్తే నా కారుకి పచ్చ లైటు చక్కగా వెలుగుతోంది, చార్జింగ్ ఎక్కుతోంది, పక్క గదిలో జనరేటర్ భగభగమని డీజిల్ తాగుతోంది. రావుగారి డీజిల్ బండి మాత్రం చల్లగా నిలబడి ఉంది. ఆయన లుంగీలో దిగొచ్చి, వీడియో తీసి, గ్రూపులో పెట్టారు. కింద ఒక్క అక్షరం రాయలేదు, అదే ఎక్కువ కాలింది నాకు. మర్నాటికల్లా కమిటీ చార్జింగ్ పాయింట్లని జనరేటర్ లైన్లోంచి తీసేసింది. పచ్చగా బతికే నా హక్కుకి డీజిల్ ఇవ్వరా అని గట్టిగా అడిగా, ఎవరూ పలకలేదు.

తర్వాతి వారం మళ్ళీ రాత్రంతా కరెంట్ లేదు, పొద్దున చూస్తే తొమ్మిది శాతం. గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తుంటే రావుగారు బండి ఆపి, "దోమ్లూరు వైపే వెళ్తున్నా, ఎక్కండి, దారిలో దింపుతా" అన్నారు. ఎక్కా. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఎప్పట్లాగే ఇరుక్కున్నాం, ముందూ వెనకా పక్కన ఎటు చూసినా కారుకొక్కరే, వాటిలో మూడు పచ్చ ప్లేట్లు. కాంగో అయింది, లిథియం అయింది, బొగ్గయింది, బండి ఇంకా కదల్లేదు. ఇక మాట్లాడ్డానికేం మిగల్లేదు. రావుగారు ఏసీ ఒక పాయింట్ తగ్గించి, "రేపు కూడా ఇదే టైంకా మీరు? ఊరికే రెండు బండ్లెందుకు?" అన్నారు.

"అక్కర్లేదండీ, రేపటికి నాది ఫుల్ చార్జ్ అయిపోతుంది" అన్నాను.