సవరణ: షాపెకోయెన్సీ పోస్టులో నా తప్పులు

బ్రెజిల్ ఫుట్‌బాల్ క్లబ్ షాపెకోయెన్సీ గురించి మొన్నటి పోస్టులో, 2016 విమాన ప్రమాదంలో టీమ్ మొత్తం పోయిందని, వాళ్లు ఆడాల్సిన కోపా సుదమెరికానా (దక్షిణ అమెరికా క్లబ్‌ల టోర్నీ) ఫైనల్ రద్దవడంతో కప్పు దానంతటదే వాళ్లకొచ్చిందని రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

నవంబర్ 28 రాత్రి కొలంబియాలోని మెదెయీన్ దగ్గర కూలిన ఆ విమానంలో 77 మంది ఉంటే 71 మంది చనిపోయారు, బతికిన ఆరుగురిలో ముగ్గురు ఆటగాళ్లే: రుషెల్, నెటో, గోల్‌కీపర్ ఫోల్మన్. ఫోల్మన్‌కి కుడికాలు కొంతభాగం తీసేయాల్సి వచ్చింది. రుషెల్ మాత్రం 2017 ఆగస్టులో బార్సిలోనా మీద మళ్లీ మైదానంలోకి దిగాడు, బతికున్న మనిషిని పోయినవాళ్లలో కలిపేశానంటే నాకే బాధగా ఉంది.

ఇక కప్పు సంగతి. ఫైనల్లో ఎదురుపడాల్సిన కొలంబియా జట్టు అట్లెటికో నాసియొనాలే టైటిల్ షాపెకోయెన్సీకే ఇవ్వమని అడిగింది, ఆ మాట చెప్పకపోవడం వాళ్లకు అన్యాయం చేయడమే.

షాపెకోయెన్సీ ఇంకో గోల్‌కీపర్ డానిలో గురించి ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే. సెమీఫైనల్ చివరి క్షణాల్లో, గోల్ ముందు నుంచి కొట్టిన బంతిని అతను కాలు చాచి ఆపకపోతే, 1973లో పుట్టిన ఆ చిన్న ఊరి క్లబ్ ఫైనల్‌దాకా వచ్చేదే కాదు.

పాత పోస్టు సరిదిద్దాను.