పాకలో గాడిద ఉంటే తప్పేంటి?
‘ది స్టార్’ అనే యానిమేషన్ సినిమాలో జంతువుల అల్లరి ఎక్కువై క్రీస్తు పుట్టుక కథ పక్కకు పోయిందన్న మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అసలు ఆ రాత్రి అక్కడ గాడిద ఉందని సువార్తల్లో ఎక్కడా లేదు. లూకా చెప్పింది పశువుల తొట్టి ఒక్కటే. ఎద్దూ గాడిదా యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోంచి తర్వాతివాళ్లు తెచ్చి పెట్టుకున్నవి. 1223లోనే ఇటలీలోని గ్రెచ్చోలో పునీత ఫ్రాన్సిస్ అస్సీసీ నిజం ఎద్దునీ గాడిదనీ తెప్పించి మరీ క్రిస్మస్ పాక కట్టించాడు. మరి 2017లో వచ్చిన ఈ సినిమా కొత్తగా చేసిన పాపమేంటి? తిరగలి తిప్పలేక పారిపోయిన గాడిద బో, వాగుడుకాయ పావురం డేవ్, మందను వదిలి చుక్క వెంటపడ్డ గొర్రె రూత్... పిల్లలు ఆ దారిలోనే బేత్లెహేము చేరుతున్నారు కదా. మా ఇంట్లో పెట్టే క్రిస్మస్ పాకలో గాడిద బొమ్మ ఎప్పుడూ వెనక మూలే, చెవి విరిగిందని. సినిమా చూశాక మా పాప దానికి ఫెవికాల్ పూసి, చెవి వంకరగా అతికించి, మరియమ్మ పక్కనే నిలబెట్టింది. జ్ఞానులు కాస్త వెనక్కి జరగాల్సి వచ్చిందనుకోండి. సినిమాలో జ్ఞానుల ఒంటెల జోకులు సాగదీశారన్నది మాత్రం నిజమే.